నాగ్రా పట్టుకున్న అమ్మాయికి మార్కులెందుకు తగ్గాయి మేడమ్?

హైదరాబాద్‌లో మీడియా కోర్సులు చెప్పే సార్లకీ, మేడమ్‌లకీ,

నమస్కారం. నేను మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఏ కాలేజీ అన్నది వదిలేయండి, ఎందుకంటే ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు, వేరే కాలేజీల్లో చదివే ఫ్రెండ్స్‌ని అడిగినా ఇదే కథ చెప్తున్నారు. గ్రూప్‌గా ఒక మ్యూజిక్ వీడియో తీయమంటారు, తీస్తాం, సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ మీద వేసి అందరం చూస్తాం, చప్పట్లు కొడతారు, మార్కులు వేస్తారు. అన్నీ అయిపోయాక ఒక రిఫ్లెక్షన్ షీట్ చేతికిచ్చి, ఈ ప్రాజెక్ట్ వల్ల ఏం నేర్చుకున్నారో ఒక పేజీ రాయమంటారు. రాస్తాం. టీమ్‌వర్క్ నేర్చుకున్నాం, టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకున్నాం, లీడర్‌షిప్ క్వాలిటీస్ పెరిగాయి. సెక్షన్ మొత్తం ఇవే ముక్కలు, స్పెల్లింగులే తేడా.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మా గ్రూప్‌లో డైరెక్షన్ నాది, నాకు మంచి మార్కులే వచ్చాయి. కాబట్టి కడుపుమంటతో రాస్తోందని ఎవరూ అనుకోనక్కర్లేదు. మార్కులు తగ్గినవాళ్ళు రాస్తే ఖాయంగా ఆ మాటే అంటారని నేను రాస్తున్నాను.

మా గ్రూప్‌లో అందరికంటే తక్కువ మార్కులు వచ్చింది నాగ్రా చూసుకున్న అమ్మాయికి. జూనియర్లు కూడా చదువుతారు కాబట్టి చెప్తున్నా, సినిమా షూటింగుల్లో పాట తీసేటప్పుడు ప్లేబ్యాక్ వేసే పనిని నాగ్రా అంటారు, ఒకప్పుడు ఆ పేరున్న స్విట్జర్లాండ్ టేప్ రికార్డర్ మీద పాట వేసేవాళ్ళు. మా దగ్గర అది ఒక ఫోనూ, ఒక బ్లూటూత్ స్పీకరూ. వైవాలో "నువ్వేం చేశావమ్మా?" అని అడిగితే ఆ అమ్మాయి "పాట ప్లే చేశాను మేడమ్" అంది. హాలంతా నవ్వింది. అడిగినవాళ్ళూ నవ్వారు. అంతే, తన వైవా అయిపోయింది, పక్కవాణ్ణి పిలిచారు.

పాట ప్లే చేయడం అంటే ఏంటో ఇప్పుడు చెప్తాను, అప్పుడు ఎవరూ అడగలేదు కాబట్టి.

మాది ఊరి నుంచి కోచింగ్ కోసం వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉండే అమ్మాయి పాట. పల్లవి హాస్టల్ మేడ మీద, మొదటి చరణం ఇరానీ హోటల్లో, రెండోది హుస్సేన్‌సాగర్ పక్కన. నెక్లెస్ రోడ్ ఫుట్‌పాత్ మీద మా హీరోయిన్ పాడుకుంటూ నడిచి రావాలి, కెమెరా బాగా దూరం నుంచి, దూరాన్ని దగ్గరగా చూపించే టెలీ లెన్స్‌తో పట్టుకోవాలి, అప్పుడే వెనక నీళ్ళు మెత్తగా బ్లర్ అవుతాయని మా కెమెరా వాడి పట్టుదల. స్పీకర్ హీరోయిన్ దగ్గరే ఉండాలి, లేకపోతే ట్రాఫిక్ హోరులో తనకి పాట వినపడదు. అందుకని నాగ్రా అమ్మాయి స్పీకర్ చంకలో పెట్టుకుని, ఫ్రేమ్ అంచు దాటకుండా, పక్కకి పక్కకి నడుస్తూ ఆ ఫుట్‌పాత్ పొడుగునా వచ్చింది. వాకింగ్‌కి వచ్చిన అంకుల్స్ ఆగి మరీ చూశారు.

ఎడిట్‌లో కూర్చున్నాక ఆ ఒక్క షాట్‌కే లిప్ పడలేదు, అంటే పెదాల కదలిక పాటతో కలవలేదు. మిగతావన్నీ అతికినట్టు కూర్చుంటున్నాయి, ఇది మాత్రం పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తోంది. మా ఎడిటర్ హీరోయిన్‌నే అన్నాడు, పాట సరిగ్గా రాదు, ముందే పాడేసింది అని. ఆ అమ్మాయికి కోపం వచ్చింది, వాళ్ళ గొడవ గురించి తర్వాత చెప్తా. నాగ్రా అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, "కెమెరా ఎంత దూరంలో పెట్టాం?" అని అడిగింది. నలభై మీటర్లు ఉండొచ్చు అన్నాడు కెమెరా వాడు. గాలిలో శబ్దం సెకనుకి 340 మీటర్ల చిల్లర ప్రయాణిస్తుంది కదా, అంటే స్పీకర్‌లో పాట కెమెరా మైక్ దాకా రావడానికి సెకనులో పదో వంతు కంటే కొంచెం ఎక్కువే పడుతుంది, మనం తీసింది సెకనుకి 25 ఫ్రేములు, అంటే దాదాపు మూడు ఫ్రేములు లేటు అని లెక్క చెప్పింది. మెరుపు ముందు కనపడి ఉరుము తర్వాత వినపడినట్టే. ఎడిటర్ కెమెరా మైక్‌లో పడ్డ పాటని ఒరిజినల్ ట్రాక్‌తో కలిపి సింక్ చేస్తున్నాడు, కానీ కెమెరాకి పాటే లేటుగా చేరింది. క్లిప్‌ని మూడు ఫ్రేములు ఆలస్యంగా మొదలయ్యేలా జరపగానే లిప్ పడిపోయింది.

ఇది ఇంటర్‌లో చదివిన ఫిజిక్సే. క్లాసులో సింక్ గురించి పాఠం విన్నప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. స్పీకర్ మోసుకుంటూ ఆ దూరమంతా నడిచిన మనిషికే తట్టింది.

ఇంకొకటి. మేడ మీద హీరోయిన్ తలారబోసుకునే షాట్ స్లో మోషన్‌లో కావాలి, అయినా లిప్ మాత్రం పాటతో కలవాలి. దానికి సెకనుకి 50 ఫ్రేముల్లో తీసి, 25లో ప్లే చేస్తారు, కాబట్టి షూట్‌లో పాటని రెట్టింపు స్పీడ్‌లో వేయాలి, హీరోయిన్ కూడా రెట్టింపు స్పీడ్‌లో పెదాలు కదపాలి. నాగ్రా అమ్మాయి ముందు రోజే ఆ బిట్ వరకూ కోసి, డబల్ స్పీడ్‌లో చేసి, ముందు మూడు బీప్‌లు పెట్టి ఫోన్‌లో రెడీగా ఉంచుకుంది. మేడ మీద ఆ పాట కీచుగొంతుతో వస్తుంటే, చుట్టూ సింటెక్స్ ట్యాంకులు, దండేల మీద చున్నీలు, కింద ఎవరిదో ప్రెషర్ కుక్కర్, మేమందరం పడీ పడీ నవ్వాం. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వకుండా నోట్‌బుక్‌లో ఏ బిట్, ఎన్నో టేక్, ఓకేనా ఎన్‌జీనా (నో గుడ్, అంటే పనికిరాదు) అని రాసుకుంటూ కూర్చుంది. ఎడిటర్‌కి వారం పని తగ్గించింది ఆ నోట్‌బుక్కే. వైవా టేబుల్ మీద అది కూడా పెట్టింది సార్. ఎవరూ తెరవలేదు.

నాగ్రా సరిగ్గా చేస్తే తెర మీద ఏమీ కనపడదు, తప్పు చేస్తేనే కనపడుతుంది. ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ బట్టలు, వస్తువులు మారిపోకుండా చూసే కంటిన్యుటీ అంతే, పర్మిషన్లు అంతే, సాయంత్రం ఫుటేజ్‌ని రెండు చోట్ల కాపీ చేసి పెట్టడం అంతే. మీరు తెరని మాత్రమే చూసి మార్కులు వేస్తే ఈ పనులన్నిటికీ సున్నానే వస్తుంది. వీడియోలో ఎవరు కనపడ్డారు, ఎవరు బాగా మాట్లాడారు, టైటిల్‌లో ఎవరి పేరు పెద్దగా పడింది, ఇవే మిగులుతాయి. నా మార్కులు అలా వచ్చినవే అని నా అనుమానం.

ఇరానీ హోటల్ సంగతి చూడండి. వీడియోలో అది కొన్ని సెకన్లే. హీరోయిన్ సాసర్‌లో చాయ్ పోసుకుని కిటికీ వైపు చూస్తుంది, అంతే. ఆ కొన్ని సెకన్ల కోసం మా క్లాస్‌మేట్ ఒకడు ఆ హోటల్‌కి రోజూ వెళ్ళి, చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్లు కొని, గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దాయనతో దక్కనీలో కబుర్లు చెప్పి, చివరికి "బస్ దస్ మినట్, చాచా" (పదే నిమిషాలు, బాబాయ్) అని ఒప్పించాడు. మధ్యాహ్నం రద్దీ తగ్గే టైమ్ ఏదో, ఏ టేబుల్ వాడుకుంటే వెయిటర్లకి అడ్డం రాదో, ఫ్రేమ్‌లో కనపడటం ఇష్టంలేని రెగ్యులర్ కస్టమర్లు ఎవరో, అన్నీ కనుక్కొని వచ్చాడు. ప్రొడక్షన్ అంటే ఇదే కదా మరి. కానీ వాడు షీట్‌లో రాసింది ఒక్క వాక్యం, "ఐ అరేంజ్‌డ్ ద లొకేషన్". మార్కులు కూడా ఆ ఒక్క వాక్యానికి తగ్గట్టే.

(అదే హోటల్లో ట్యూబ్‌లైట్ల కింద కెమెరా స్క్రీన్ మీద చారలు పరిగెత్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, మా కెమెరా వాడు అమెరికా వాళ్ళ యూట్యూబ్ పాఠాలు చూసి షట్టర్ 1/60 పెట్టాడు, అక్కడ కరెంటు 60. 1/50కి మార్చగానే పోయాయి. మన సిలబస్‌లో షట్టర్ స్పీడ్ ఉంది, మన ఊరి ట్యూబ్‌లైట్ లేదు.)

పర్మిషన్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి, అక్కడ ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి ఉండాలి. కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖవి, అక్కడ అడగాల్సిన ఆఫీసే వేరు. డ్రోన్‌కి 2021 రూల్స్ ఉన్నాయి, రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు, ఏ ఏరియా ఏ జోనో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. ఇవన్నీ మేం సెక్యూరిటీ వాళ్ళ దగ్గరా, పెళ్ళిళ్ళకి డ్రోన్ ఎగరేసే అన్నల దగ్గరా తెలుసుకున్నాం. డిపార్ట్‌మెంట్ లెటర్ ఒకటి చేతిలో ఉంటే సగం టెన్షన్ తగ్గేది, అది మాకు ప్యాకప్ అయ్యాక వచ్చింది. ఫైల్‌లో భద్రంగా ఉంది.

పాట విషయం కూడా అంతే. "మీకు నచ్చిన పాట తీసుకోండి" అని వదిలేస్తారు. పక్క గ్రూప్ ఒక హిట్ సినిమా పాట తీసుకుని బ్రహ్మాండంగా తీశారు, యూట్యూబ్‌లో పెట్టీ పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్. రాసినవాళ్ళ, బాణీ కట్టినవాళ్ళ హక్కు ఒకటి, రికార్డింగ్ మీద హక్కు ఇంకొకటి, సినిమా పాటకి ఆ రెండోది మామూలుగా ఆడియో కంపెనీ దగ్గర ఉంటుంది. పాఠంలో భాగంగా వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ యూట్యూబ్ క్లాస్‌రూమ్ కాదు కదా. మా పాట మా క్లాస్‌మేట్ వాళ్ళ అన్నయ్య రాసి, ఇంట్లోనే రికార్డ్ చేసిచ్చాడు. ఆ పిల్ల సొంత అన్నయ్య చేతే కాగితం మీద అనుమతి రాయించి సంతకం పెట్టించుకుంటే మేం ఆటపట్టించాం. ఇప్పుడు రెండు గ్రూపుల్లో వీడియో బయట ఎవరికైనా చూపించుకోగలిగింది మేమే. ఆ కాగితానికి మార్కులు ఎన్ని? తెలిసిందే.

ఇక రిఫ్లెక్షన్ షీట్. నా అసలు గొడవ దీంతోనే.

మార్కులు పడ్డాక ఒకరోజు మా గ్రూప్ అంతా టిఫిన్ సెంటర్ దగ్గర కలిశాం. ప్లాన్ ఏమీ లేదు, పరీక్ష ఫీజు కట్టడానికి వచ్చి ఆకలేసి ఆగాం. అక్కడ మొదలైంది. కెమెరా వాడు దోసె తింటూ తింటూ, మేడ మీద క్లోజప్ ఓకే అయ్యాక అందరూ చప్పట్లు కొడుతుంటే ఫోకస్ కొంచెం సాఫ్ట్‌గా ఉందని వాడికి అప్పుడే తెలుసని, లెన్స్ బాగా తెరిచి 1.8 ఎపర్చర్‌లో తీస్తుంటే హీరోయిన్ కొంచెం ముందుకి వంగేసరికి కళ్ళ మీది ఫోకస్ జుట్టు మీదికి జారిపోయిందని, కానీ హాస్టల్ ఆంటీ మోటర్ వేసుకోవాలి దిగండి అని అరుస్తుంటే ఇంకో టేక్ అడగడానికి నోరు రాలేదని చెప్పాడు. హీరోయిన్ అంది, ఎండలో తనని నిలబెట్టి మీరంతా నీడలో మానిటర్ చూస్తూ నవ్వుకుంటుంటే తనని చూసే నవ్వుతున్నారనుకుందట, పల్లవిలో మొహం అందుకే అంత బిగుసుకుపోయిందట. అది నేను నటన అనుకుని ఓకే చేశాను, పైగా బాగుంది కూడా. ఎడిటర్ అన్నాడు, హీరోయిన్ క్లోజప్‌లు తగ్గించింది పగతో కాదు, సగం ఫోకస్ లేవు అని, ఆ మాట ముందే చెప్పొచ్చుగా అని ఆమె. మాటా మాటా పెరిగింది. టిఫిన్ సెంటర్ అన్న వచ్చి "పక్కన కస్టమర్లున్నారు" అన్నదాకా వెళ్ళింది.

సార్, ఆ గంటలో మాకు తెలిసినంత ఆ సెమిస్టర్ మొత్తంలో తెలియలేదు. సెట్‌లో డైరెక్టర్‌కి "ఇంకో టేక్" అని చెప్పగలిగే వాతావరణం ఉందా లేదా, మానిటర్ దగ్గర నవ్వు దూరంగా నిలబడ్డ ఆర్టిస్ట్‌కి ఎలా వినపడుతుంది, చెడ్డ వార్త ఎవరు ఎప్పుడు చెప్పాలి, ఇవన్నీ మాట్లాడుకున్నాం. వీటిలో ఒక్కటి కూడా మా షీట్లలో లేదు. ఎందుకు లేదంటే, షీట్ ఒంటరిగా రాయాలి, మార్కులు వేసేవాళ్ళకే ఇవ్వాలి, పైగా ఇంగ్లిష్‌లో రాయాలి. "ఫోకస్ పోయిందని తెలిసీ నోరు రాలేదు" అని ఆ మూడిటి మధ్య ఎవడు రాస్తాడు? తెలుగులో గంటసేపు వాదించినవాడే ఇంగ్లిష్ షీట్ ముందు కూర్చుంటే టీమ్‌వర్క్ అని రాసి లేస్తాడు. ఉర్దూ మీడియం నుంచి వచ్చిన మా ప్రొడక్షన్ వాడి ఒక్క వాక్యం కూడా అలా వచ్చిందే. వాణ్ణి దక్కనీలో మాట్లాడమంటే హోటల్ పెద్దాయన్ని ఒప్పించిన కథ అరగంట చెప్తాడు.

ఇంకో చిన్న విషయం, చిన్నదని మీరనుకుంటారేమో. మా సెక్షన్‌లో ఏ గ్రూప్ చూసినా కెమెరా అబ్బాయిలది, కాస్ట్యూమ్స్, మేకప్, నాగ్రా, నోట్స్ అమ్మాయిలవి. మేమే పంచుకున్నాం, ఎవరూ బలవంతం చేయలేదు, అదే విచిత్రం. మరి ఏ పనికి మార్కులు తగ్గుతాయో ఇప్పుడు కలిపి చూసుకోండి.

మీరు మాకు ప్రపంచ సినిమా చూపిస్తారు, మంచిదే. ఒకసారి తెలంగాణ ఫోక్ సాంగ్స్ కూడా చూపించండి, యూట్యూబ్‌లో కోట్లలో వ్యూస్ వచ్చేవి. పాట గురించి కాదు, కింద డిస్క్రిప్షన్ చదవమంటున్నా. రాసింది ఎవరు, పాడింది ఎవరు, మ్యూజిక్, కొరియోగ్రఫీ, కెమెరా, ఎడిటింగ్, డీఐ (రంగులు సరిచేసే పని), పోస్టర్, ఆఖర్న షూటింగ్‌కి ఇల్లు ఇచ్చినవాళ్ళకీ ఊరివాళ్ళకీ స్పెషల్ థ్యాంక్స్. మీడియా కాలేజీ గడప తొక్కనివాళ్ళు చాలామంది తీస్తున్నారు అవి. వాళ్ళకి తెలుసు, రేపు ఇంకో పాట తీయాలంటే ఈ మనుషులే మళ్ళీ రావాలని.

కాబట్టి అడుగుతున్నాను. రషెస్ దశలో, అంటే ఎడిట్ చేయని ఫుటేజ్ ఉన్నప్పుడే, ఒకసారి మాతో కూర్చోండి, ఫైనల్ కట్ వచ్చేదాకా ఆగొద్దు. పనికిరాని టేకులు చూస్తేనే ఎవరు ఏం చేశారో మీకు తెలుస్తుంది. వైవాలో నాగ్రా చూసినవాళ్ళని నాగ్రా గురించి అడగండి, "పాట ప్లే చేశాను" అంటే నవ్వకుండా "ఎలా?" అని ఇంకో ప్రశ్న వేయండి, అది చాలు. మార్కుల్లో కొంత భాగం ఆ పనికే కేటాయించండి. సెట్‌కి రానివాడికి కూడా గ్రూప్ మార్కులు పడిపోతున్నాయి చూడండి, మా దగ్గర కూడా ఒకడున్నాడు, వాడి సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది. రిఫ్లెక్షన్‌ని మార్కులు వేయకముందే పెట్టండి, కలిసి మాట్లాడనివ్వండి, ఏ భాషలో వస్తే ఆ భాషలో. మీరు ఆ గదిలో ఉండకపోయినా పర్లేదు, నిజానికి ఉండకపోతేనే మంచిది, గ్రూప్‌లో ఒకరు రాసి ఇస్తారు. షూట్‌కి ముందే లెటర్ ఇవ్వండి. అది ఒక కాగితం, ఒక స్టాంపు.

ఇవన్నీ చేస్తే మీకు పని పెరుగుతుందని తెలుసు. ఒక్కొక్కరి చేతిలో ఎన్ని సెక్షన్లు ఉన్నాయో, సగం మంది గెస్ట్ ఫ్యాకల్టీగా ఎలా నెట్టుకొస్తున్నారో చూస్తూనే ఉన్నాం. రషెస్ చూసే గంట మీ టైమ్‌టేబుల్‌లో పడేలా మేనేజ్‌మెంట్‌ని అడగాలంటే మేమూ సంతకాలు పెడతాం. అన్ని గ్రూపులూ ఒకేసారి కుదరకపోతే ఈసారి ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టి చూడండి.

జూనియర్లకి మ్యూజిక్ వీడియో బ్రీఫ్ ఇంకా ఇవ్వలేదని విన్నాను. ఇచ్చేలోపు పిలిస్తే మా గ్రూప్ వచ్చి మాట్లాడుతుంది, నాగ్రా అమ్మాయి తన నోట్‌బుక్ కూడా తెస్తానంది. ఎడిటరూ, హీరోయినూ ఇంకా మాట్లాడుకోవట్లేదు, కానీ ఇద్దరూ వస్తామన్నారు. వాళ్ళని చెరో చివర కూర్చోబెట్టే పూచీ నాది.

ఇట్లు,
ఒక ఆఖరి సంవత్సరం విద్యార్థిని